ఒకే ప్రొటీన్, జబ్బుకో మడత

అల్జీమర్స్ గురించి ఎక్కడ చదివినా "మెదడులో ప్రొటీన్లు పేరుకుపోతాయి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకైతే అసలు కథంతా అవి ఎలా ముడుచుకున్నాయన్న దగ్గరే ఉందనిపిస్తుంది.

టౌ అనే ప్రొటీన్ మనందరి మెదడులోనూ ఉంటుంది. నరాల కణాల్లో సరుకు రవాణా జరిగే సన్నటి గొట్టాలు చెదరకుండా పట్టి ఉంచడం దాని పని. జబ్బులో అది ఆ పని వదిలేసి, ఒకదానికొకటి అతుక్కుని పోగులు కడుతుంది. 1906లో అలోయిస్ అల్జీమర్ మైక్రోస్కోపులో చూపించిన చిక్కుముళ్లు ఇవే.

కేంబ్రిడ్జిలో మిషెల్ గోడెర్ట్, స్యోర్స్ షేర్స్ బృందం ఏం చేసిందంటే, అల్జీమర్స్‌తో బాధపడి చనిపోయిన ఒకావిడ మెదడు ముక్కని సబ్బులాంటి రసాయనంలో వేసింది. మామూలు ప్రొటీన్లు కరిగిపోతాయి, ఈ మొండి పోగులు కరగవు. వాటిని పల్చటి మంచు పొరలో బిగించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో వేలకొద్దీ బొమ్మలు తీసి, కంప్యూటర్లో కలిపి చూస్తే, పోగు అడ్డకోతలో టౌ గొలుసులు సి అక్షరంలా వంగి జంటగా కనిపించాయి. అది 2017. మరుసటి ఏడు పిక్స్ అనే మరో మతిమరుపు వ్యాధి వచ్చినవాళ్ల మెదడులో చూస్తే అదే టౌ, కానీ మడత పూర్తిగా వేరు. తలకి పదే పదే దెబ్బలు తగిలిన ఆటగాళ్లకి వచ్చే జబ్బులో ఇంకోటి. ఒకే చీరని ఇంటికో రకంగా మడిచినట్టు.

నన్ను బాగా కదిలించింది మాత్రం 2019లో వచ్చిన ఫలితం. ల్యాబుల్లో టౌ పోగులు తయారు చెయ్యడానికి ఏళ్ల తరబడి హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) కలుపుతూ వచ్చారు, మందులు పరీక్షించడానికీ ఆ పోగులే వాడారు. తీరా చూస్తే వాటి మడత అల్జీమర్స్ మడతా కాదు, పిక్స్ మడతా కాదు. ఎంత శ్రమ, ఎంత ఆశ! హెపారిన్ లేకుండా అచ్చం అల్జీమర్స్ మడతే తెప్పించే పద్ధతి 2022లో అదే బృందం చూపించింది, ఇప్పుడు అసలు పని మొదలైనట్టే.

ఇదంతా బయటపడింది ఎవరో తమ మెదడు దానం చెయ్యబట్టే. మా పెద్దమ్మకి ఏళ్ల పాటు "వయసు మతిమరుపు" అన్నారు, ఆవిడ పోయారు, ఆ తలలో ఏ మడత ఉందో ఇక ఎప్పటికీ తెలియదు. మన దగ్గర నేత్రదానం అంటే అందరికీ తెలుసు, బెంగళూరులో మెదడు, నరాల జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆసుపత్రిలో 1995 నుంచి మెదడు బ్యాంకు ఉందని చెబితే మాత్రం చదువుకున్నవాళ్లు కూడా "అవునా?" అంటారు. నా మెదడు ఇవ్వాలని ఇంట్లో చెప్పాను, అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. హైదరాబాద్ నుంచి ఇవ్వాలంటే ఏం చెయ్యాలో కనుక్కుంటున్నాను. మీ ఇంట్లో ఎవరైనా ఇచ్చి ఉంటే, ఏ కాగితాలు అడిగారో, మెదడు తీసుకోవడానికి ఎంతసేపట్లో వచ్చారో దయచేసి చెప్పండి.