క్యాండీ పెరహెరకి వెళ్తున్నారా? ముందు ఏ రాత్రికో తేల్చుకోండి

శ్రీలంకలోని క్యాండీలో బుద్ధుడి పన్ను (దంతధాతువు) ఉన్న గుడి మాలిగావ. అక్కడి ఎసల పెరహెర పది రాత్రుల ఊరేగింపు. మొదటి అయిదూ కుంబల్, తర్వాతి అయిదూ రందోలి. తేదీలు ఏటా మారతాయి. ముగింపు దాదాపు మన శ్రావణ పౌర్ణమికి పడుతుంది.

అందరూ చివరి రందోలికే ఎగబడతారు. ఏనుగులు, నర్తకులు ఎక్కువ ఉండేది ఆ రాత్రే, కాదనం. కానీ పిల్లలో పెద్దవాళ్ళో వెంట ఉంటే కుంబల్ మూడో రాత్రో నాలుగో రాత్రో మేలు. జనం పలచగా ఉంటారు, కుర్చీ టికెట్టూ చవక.

టికెట్టు కొనేటప్పుడు ధర కంటే ముందు అడగాల్సింది ఎన్నో వరస అని. నాలుగో వరస నుంచి చూస్తే ముందువాళ్ళ తలలూ, వాన పడితే గొడుగులూ తప్ప ఏమీ కనబడవు. వాన ఎలాగూ పడుతుంది, రెయిన్‌కోటు తీసుకెళ్ళండి. పేవ్‌మెంటు మీద ఉచితంగా కూర్చోవచ్చు గానీ, రందోలి రాత్రులకి మధ్యాహ్నానికే చాపలు పరిచేసి ఉంటాయి. ఊరేగింపు మొదలయ్యాక రోడ్డు దాటనివ్వరు; బస ఏ వైపుందో చూసుకుని ఆ వైపే కూర్చోండి. బాత్రూమ్ సంగతి ముందే తేల్చుకోండి.

మొదట కొరడాల చప్పుడు, తర్వాత నిప్పు బంతులు తిప్పేవాళ్ళు, జెండాలు, డోళ్ళు. పక్కనే కాగడాలు: పొడవాటి కర్ర చివర ఇనుప బుట్ట, అందులో భగ్గున మండే ఎండుకొబ్బరి. సంచులతో వెంట నడిచేవాళ్ళు అయిపోయినప్పుడల్లా చిప్పలు వేస్తుంటారు, నిప్పు రవ్వలు రాలుతుంటాయి. ముందు వరసలో సిల్కు, సింథటిక్ చీరలు వద్దు.

మాలిగావ ఏనుగు దంతధాతువు పేరిట ఒక పేటికను మోసుకొస్తుంది, దాని అడుగుల కింద తెల్లగుడ్డ పరుస్తారు. అప్పుడు అందరూ లేచి నిలబడతారు, మీరూ లేవండి. ఫ్లాష్ వాడకండి. అసలు దంతధాతువు మాత్రం గుడి దాటి రాదు. వెనక నాథ, విష్ణు, కతరగామ, పత్తిని దేవాలయాల ఊరేగింపులు వస్తాయి. ఒకప్పుడు పండుగంతా ఈ దేవుళ్ళదే. దంతధాతువుకి అగ్రస్థానం ఇప్పించినవాడు 18వ శతాబ్దపు రాజు కీర్తి శ్రీ రాజసింహ. ఆయనది తమిళనాడులోని మదురై వైపు నుంచి వచ్చిన నాయక వంశం, అంటే తెలుగు మూలాలున్నవాళ్ళే!

గుడిలోకి వెళ్ళాలంటే భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోకూడదు. బుద్ధుడి టాటూ ఉంటే కప్పేయండి, ఆ కారణంగా పర్యాటకుల్ని వెనక్కి పంపేసిన సందర్భాలున్నాయి.

కొలంబో ఫోర్ట్ నుంచి రైలు మూడు గంటలు; రిజర్వేషన్ ముందే చేసుకోండి. రాత్రి తిరుగు ప్రయాణం పెట్టుకోకండి, ఊరేగింపు ముగిసేసరికి అర్ధరాత్రికి అటూఇటూ అవుతుంది. గదులు దొరక్కపోతే ఆఖరి రందోలి మర్నాడు జరిగే పగటి పెరహెర చూసి, రాత్రికి కొలంబో చేరవచ్చు.