సొంత 4జీ నెట్‌వర్క్ పెట్టబోతే సిమ్ దగ్గర ఆగింది – నా అనుభవం

నిన్న రాత్రి ఫోన్‌కు డేటా వచ్చింది. మరిచిపోకముందే రాసేస్తున్నా. నల్లమల చెంచు పెంటల లాంటి సిగ్నల్ లేని చోట్లకు చవకైన నెట్‌వర్క్ ఇవ్వాలనుకునేవాళ్లు హైదరాబాద్‌లో ఇంకా ఉన్నారని తెలుసు, వాళ్ల కోసం.

ముందు అనుమతి. లైసెన్సు లేకుండా మొబైల్ సిగ్నల్ గాల్లోకి వదలడం నేరం. టెలికాం శాఖ డబ్ల్యూపీసీ (రేడియో తరంగాల అనుమతులు చూసే) విభాగానికి సరళ్ సంచార్ పోర్టల్‌లో ప్రయోగ లైసెన్సుకు పెట్టుకోవాలి. సిగ్నల్ బయటికి పోకుండా చేసే పరీక్షలకు ఒక రకం, ప్రసారం చేసేవాటికి ఇంకో రకం. మాది మొదటిది. ఫోన్‌ను షీల్డ్ పెట్టెలో పెట్టి, మధ్యలో సిగ్నల్ బలం తగ్గించే అటెన్యుయేటర్లతో కేబుల్ లాగాం.

సాఫ్ట్‌వేర్ మొత్తం ఉచితం: రేడియో వైపు ఎస్ఆర్ఎస్‌రాన్ 4జీ, సిమ్‌లను గుర్తించి నెట్ ఇచ్చే కోర్ వైపు ఓపెన్5జీఎస్. సిగ్నల్ పంపే రేడియో బోర్డు యూఎస్ఆర్‌పీ బీ210. దాన్ని యూఎస్‌బీ 3 పోర్టుకే పెట్టండి. కేబుళ్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి కానీ ఎస్ఎంఏ, ఆర్‌పీ-ఎస్ఎంఏ కనెక్టర్లు రెండూ ఒకే డబ్బాలో కలిపేసి ఉంటాయి. రెండూ మర బిగుసుకుంటాయి. మధ్యలో పిన్ ఉండాల్సిన చోట రంధ్రం ఉంటే సిగ్నల్ మాత్రం పోదు. కొట్టులోనే విప్పి చూడండి.

ఎంసీసీ (దేశం కోడ్) 001, ఎంఎన్‌సీ (నెట్‌వర్క్ కోడ్) 01, టీఏసీ (ఏరియా కోడ్) – మూడూ రేడియో, కోర్ రెండు వైపులా ఒకటే ఉండాలి. అంతే, నెట్‌వర్క్ ఫోన్‌లో కనిపించింది.

కనిపించింది కానీ చేర్చుకోదు. నెట్‌వర్క్ సందేశాలు చూపే వైర్‌షార్క్ తెరిస్తే అథెంటికేషన్ ఫెయిల్యూర్, కాజ్ (కారణం కోడ్) 20, అంటే మ్యాక్ ఫెయిల్యూర్. నెట్‌వర్క్ తన దగ్గరున్న కీతో లెక్కగట్టి పంపిన సంఖ్య సిమ్ లోపలి లెక్కతో కలవలేదన్నమాట. 21 వస్తే భయం లేదు, అది సీక్వెన్స్ నంబర్ తేడా, కోర్ తనే సర్దుకుంటుంది. 26 వస్తే కోర్‌లో సిమ్ వివరాల దగ్గరున్న ఏఎంఎఫ్ అనే విలువ 8000 ఉందో లేదో చూసుకోవాలి. 20 వస్తే మాత్రం కీలే తప్పు.

సిమ్ కార్డులు అమ్మినాయన పంపిన షీట్‌లో రెండు వరుసలున్నాయి: కే (సిమ్ రహస్య కీ), ఓపీసీ (దానితో పాటు లెక్కలో వాడే ఇంకో కీ). ఒక్కోదాంట్లో 32 హెక్స్ అంకెలు, నేను కోర్‌లో ఎక్కించినవాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి. ఫోన్ చేస్తే "మా కార్డులు పెద్ద పెద్ద కంపెనీలు వాడుతున్నాయి సార్, మీ సాఫ్ట్‌వేర్ చూసుకోండి" అని పెట్టేశాడు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ అనగానే ఎంత చులకనో! అసలు సంగతేంటంటే ఆయన ఓపీసీ అని రాసింది ఓపీ, అంటే ఓపీసీని తయారుచేసే మూల సంఖ్య. ఓపీని కేతో ఏఈఎస్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసి, ఫలితాన్ని మళ్లీ ఓపీతో ఎక్స్‌ఓఆర్ చేస్తే వచ్చేదే ఓపీసీ. ఓపెన్5జీఎస్ వెబ్ పేజీలో సబ్‌స్క్రైబర్ దగ్గర ఓపీసీ బదులు ఓపీ ఎంచుకుని, అవే అంకెలు ఉంచాలి.

మార్చినా ఫోన్ కదల్లేదు. ఇక్కడే చాలామంది సరైన మార్పును కూడా వెనక్కి తీసేస్తారు. ఒకసారి నెట్‌వర్క్ నుంచి అథెంటికేషన్ రిజెక్ట్ (తిరస్కరణ) అందుకున్న ఫోన్, స్విచాఫ్ చేసేదాకో సిమ్ తీసేదాకో ఆ సిమ్‌ను చెల్లనిదిగానే చూస్తుంది. కీ మార్చిన ప్రతిసారీ ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. ఆన్ చేయగానే చేరింది.

అమ్మకందారుకు నా మాట ఒక్కటే: ఏడీఎం కీ (కార్డు లోపల మార్పులు చేయనిచ్చేది) ఇవ్వని కార్డు మాకొద్దు. అది ఉంటే పైసిమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మన కీలు మనమే రాసుకోవచ్చు. తప్పు ఏడీఎం పదేపదే కొడితే కార్డు శాశ్వతంగా లాక్ అవుతుంది, జాగ్రత్త. రేపు ఊళ్లో ఇంటింటికీ సిమ్ ఇచ్చాక ఎవరి షీట్‌నో నమ్ముకుని కూర్చోలేం.

2013లో మెక్సికోలోని తలేయా దె కాస్త్రో ఊరివాళ్లు ఓపెన్ సాఫ్ట్‌వేర్‌తో సొంత నెట్‌వర్క్ నడుపుకున్నారు. అది 2జీ. 2జీలో నెట్‌వర్క్‌ ఎవరిదని సిమ్ అడగదు, కాబట్టి ఏ కంపెనీ సిమ్‌నైనా చేర్చుకోవచ్చు. 4జీలో సిమ్ కూడా నెట్‌వర్క్‌ను పరీక్షిస్తుంది, అందుకే సొంత కార్డులు తప్పవు.

చేరాక నెట్ రాకపోతే కోర్ నడిచే కంప్యూటర్‌లో ఐపీ ఫార్వర్డింగ్ ఆన్‌లో ఉందా, ఫోన్లకు ఇచ్చే 10.45.0.0/16 చిరునామాలకు నాట్ (చిరునామా మార్పిడి) రూల్ ఉందా చూడండి. కాల్స్‌కు ఐఎంఎస్ అనే వ్యవస్థ వేరుగా పెట్టాలి, మేమింకా మొదలుపెట్టలేదు. అప్పటిదాకా డేటా మీద సిప్ (ఇంటర్నెట్ కాల్) యాప్‌తో మాట్లాడుకోవచ్చు.