మూడు వారాల స్కోపులో లెన్సు కదిలింది, దుకాణం మాత్రం కంటిదే తప్పంది

పాడైన స్కోపుకు (రైఫిల్ మీద బిగించి గురి చూసే దుర్భిణికి) బదులుగా దుకాణం పంపిన కొత్తది నిన్న చేతికొచ్చింది. స్ప్రింగు ఎయిర్ రైఫిల్ వాడేవాళ్ళకు పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

పాడైన స్కోపు 3-9x40, అంటే బొమ్మను 3 నుంచి 9 రెట్లు పెద్దది చేసేది, ముందు లెన్సు 40 మి.మీ. ఏఓ రకం, అంటే ముందున్న రింగు తిప్పి దూరానికి తగ్గట్టు ఫోకస్ చేసేది. ఐదు వందల పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్ గుళ్ళు) కూడా కాల్చలేదు. చంద్రగిరి దగ్గరి మామిడి తోటలో 25 మీటర్ల కాగితం మీద రూపాయి బిళ్ళంత చోట పడాల్సినవి అరచేయంత వెడల్పున చెదిరాయి. బొమ్మలో కుడివైపు మసక.

అలాగని మొదటే స్కోపు మీద పడకూడదు. స్టాకు (రైఫిల్ పిడి) స్క్రూలు, స్కోపును రైఫిల్‌కు పట్టి ఉంచే మౌంటు స్క్రూలు వదులయ్యాయేమో చూడాలి. మౌంటులో స్కోపు గొట్టాన్ని చుట్టి పట్టే రింగుల స్క్రూలకు 2 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. అంతకు మించి బిగిస్తే గొట్టం నొక్కుకుని లోపలి భాగం ఇరుక్కుంటుంది. ఆ తర్వాత స్కోపు తీసేసి, రైఫిల్ మీదే ఉండే గురి గుర్తులతో (సైట్లతో) పది పెల్లెట్లు కాల్చాను. దగ్గర దగ్గరే పడ్డాయి. రైఫిల్ బాగుంది.

అట్టపెట్టెకు రెండు పక్కలా ‘వి’ ఆకారంలో గాట్లు కోసి, స్కోపును అందులో పడుకోబెట్టి, ఎదుటి మేడ నీళ్ళ ట్యాంకు మీది ఒక అక్షరం అంచుకు క్రాస్‌హెయిర్ (స్కోపులో కనిపించే అడ్డం నిలువు గురి గీతలు) పెట్టాను. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో గొట్టాన్ని మెల్లగా తట్టాను. మూడో తట్టుకు క్రాస్‌హెయిర్ అక్షరం పక్కకు జరిగింది, మళ్ళీ వెనక్కి రాలేదు. లోపల ఏదో వదులైందన్నమాట.

ఇలా ఎందుకవుతుందంటే, మామూలు తుపాకీ వెనక్కి మాత్రమే తంతుంది. స్ప్రింగు రైఫిల్ పిస్టన్ ముందుకు దూకేటప్పుడు వెనక్కి తన్ని, అది సిలిండర్ చివర ఆగగానే ముందుకు కూడా తంతుంది. ఆ రెండో తన్నుకు తగ్గట్టు కట్టని స్కోపులో లెన్సులు సీటు వదులుతాయి. కొనేటప్పుడు ‘స్ప్రింగర్‌కు (స్ప్రింగు రైఫిల్‌కు) సరిపడేదే’ అని దుకాణం వాళ్ళతో బిల్లు మీద రాయించుకోండి. నేను రాయించుకున్నాను, చివరకు అదే కాపాడింది.

దుకాణం వాళ్ళకు స్కోపు చూపిస్తే కౌంటర్‌లో మనిషి పది సెకన్లు చూసి, ‘మీ కంటికి పవరుందేమో సార్, కళ్ళ డాక్టరుకు చూపించుకోండి’ అన్నాడు, నలుగురి ముందు. డబ్బు పోసి కొన్న మనిషి కంటిని తప్పుపట్టడానికి నోరెలా వస్తుంది? ఆ మాటకు జవాబు చెప్పడానికే తర్వాతి పరీక్ష చేశాను. ఇది అందరికీ తెలియాలి.

సైకిలు షాపులో దొరికే 6 మి.మీ. బేరింగు గుండు ఒకటి నల్ల ట్యూబు ముక్కకు అతికించి 25 మీటర్ల దూరంలో ఎండ తగిలేలా పెట్టాలి. గుండు మీద సూర్యుడి మెరుపు సూది మొనంత చుక్కగా కనిపిస్తుంది. ఉదయం ఏడున్నరకే చేయాలి. తిరుపతి ఎండలో పది దాటితే నేల సెగకు బొమ్మ ఊగుతుంది. స్కోపును సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పకూడదు. టరెట్లు (గురి సరిచేసే మరలు) మధ్యలో ఉంచి, జూమ్ 9 మీద చుక్కకు ఫోకస్ చేయాలి. మంచి లెన్సయితే చుక్క గుండ్రంగా ఉంటుంది. నా దాంట్లో చుక్కకు కుడివైపు తోకచుక్కలా చిన్న తోక.

ఇప్పుడు తల కదపకుండా గొట్టాన్ని అట్టపెట్టె గాట్లలోనే పావు చుట్టు తిప్పాలి. దోషం కంటిదైతే తోక కుడివైపే ఉంటుంది. స్కోపుదైతే దాంతోపాటు తిరుగుతుంది. తోక కిందికి వచ్చింది, ఇంకో పావు చుట్టుకు ఎడమకు వెళ్ళింది. ఐపీసుకు (కంటివైపు లెన్సుకు) ఫోను ఆనించి వీడియో తీశాను. ఫోనుకు కళ్ళజోడు అవసరం లేదు కదా!

ఏ లెన్సో కూడా తేల్చవచ్చు. నా స్కోపులో ఏఓ రింగు తిప్పితే ముందు లెన్సు కూడా తిరుగుతుంది. తోక దాంతో తిరగలేదు, కాబట్టి ముందు లెన్సు కాదు. జూమ్ 9 నుంచి 4కు తగ్గిస్తే తోక ఆకారం మారింది. జూమ్‌తో లోపల జరిగేవి ఎరెక్టర్ లెన్సులే, అంటే తలకిందులైన బొమ్మను నిటారుగా చేసే లోపలి లెన్సులు. ముందు వైపు నుంచి ఏటవాలుగా టార్చి వేసి చూస్తే లోపలి లెన్సు అంచున ఒక పక్కే సన్నటి నెలవంక లాంటి వెలుగు. రెండో పక్క చీకటి. లెన్సు ఒరిగిందన్నమాట. ఇంద్రధనుస్సు రంగుల చారలు కనిపిస్తే అది వేరే జబ్బు, అతికించిన రెండు గాజుల మధ్య జిగురు ఊడడం.

విప్పి సరిచేద్దామనుకోకండి. లోపల నింపిన నైట్రోజన్ పోతుంది, వారంటీ పోతుంది, తర్వాత వానాకాలంలో లోపల ఆవిరి పట్టడం ఖాయం.

వీడియో, బిల్లు పంపి, మార్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేస్తానని రాశాను. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. కొన్న ధర ఐదు లక్షల రూపాయల దాకా అయితే ఫీజు కూడా లేదు. రెండో రోజే ‘పంపండి సార్’ అని జవాబు.

కొత్తదాన్ని మౌంటుకు బిగించకముందే బేరింగు గుండు పెట్టి చూశాను. చుక్క గుండ్రంగానే ఉంది.