కోర్డోబాలో నీడ వెంట

జూన్ 27, శనివారం

పొద్దున ఆరున్నరకి లేచేసరికి బయట ఇంకా మసక చీకటే. ఇక్కడ స్పెయిన్‌లో గడియారం మా జర్మనీ గడియారంతో పాటే నడుస్తుంది, దేశమేమో బాగా పడమటి కొసన ఉంది. అందుకని జూన్‌లో కూడా ఏడు దాటితే గానీ తెల్లవారదు. సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం 2.20కి. మూడింటికి ఎండ తగ్గుముఖం పడుతుందని మన లెక్కలో అనుకుంటే దెబ్బ తింటాం. ఇక్కడ సాయంత్రం ఆరింటి ఎండే అసలు ఎండ. నిన్న వచ్చీ రాగానే ఆ సంగతి అనుభవంలోకి వచ్చింది కాబట్టి, ఇవాళ చూడాల్సిందంతా పొద్దున్నే చూసేయాలని గట్టిగా అనుకున్నాం.

మేం పడుకునీ వండుకునీ తిరిగే క్యాంపర్ బండి నది అవతల పార్కింగ్‌లో పెట్టాం. అత్తయ్య తలకి తడి తువ్వాలు చుట్టుకుని, పాప చెయ్యి పట్టుకుని రోమన్ వంతెన మీద నడుస్తుంటే గ్వాదల్కివీర్ మీంచి కాస్త గాలి వచ్చింది. వాది అల్ కబీర్, అంటే పెద్ద నది అన్న అరబ్బీ పేరే నోళ్లలో నలిగి ఇలా అయింది. ఎనిమిదిన్నరకల్లా మెస్కీతా, అంటే ఇప్పుడు చర్చిగా ఉన్న పాత మసీదు, గుమ్మం దగ్గర ఉన్నాం. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో తొలి గంట టికెట్ కొనక్కర్లేదు, గైడుల వెనక గుంపులూ ఉండవు.

లోపల అడుగు పెట్టగానే అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుని ఆగిపోయారు. ఎటు చూసినా స్తంభాలే. మొత్తం 856. వాటి మీద ఒక వంపు, దాని మీద ఇంకో వంపు, ఒక పట్టీ ఎర్ర ఇటుక, ఒక పట్టీ తెల్ల రాయి. ఇక్కడి ముస్లిం పాలకుడు మొదటి అబ్దుల్ రహమాన్ 785 ప్రాంతంలో మొదలుపెట్టించినప్పుడు పాత రోమన్ కట్టడాల, వాళ్ల తర్వాత ఏలిన విసిగోతుల కట్టడాల స్తంభాలు తెచ్చి నిలబెట్టారు. అవి పొట్టివి. కప్పు అంత కిందికి ఉంటే ఇంత పెద్ద హాల్లో ఊపిరాడదు. అందుకే వంపు మీద వంపు కట్టి కప్పుని పైకి లేపారు. ఒక స్తంభం నున్నగా, పక్కది మెలికలు తిరిగి, ఒకటి బూడిద రంగు, ఒకటి గులాబి రంగు. తర్వాతి వాళ్లు రెండు వందల ఏళ్లపాటు పెంచుకుంటూ పోయారు. 1236లో ఊరు క్రైస్తవ రాజుల చేతికి వచ్చింది. 1523లో సరిగ్గా నడుమ ఒక పెద్ద చర్చి కట్టడం మొదలుపెట్టారు. అది అందంగా లేదని అనను. కానీ ఆ స్తంభాల నీడలోంచి ఒక్కసారిగా ఆ వెలుగులోకి వెళ్తే నాకు మనసు చివుక్కుమంది. వెంటనే వెనక్కి వచ్చేశాను.

అత్తయ్య ఒక స్తంభానికి అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డారు. "ఎంత చల్లగా ఉందో చూడు అమ్మాయ్. మామిడితోటలో ఉన్నట్టుంది" అన్నారు. ఇంత చదివి వచ్చిన నాకు ఆ మాట తట్టలేదు. బయట నారింజ చెట్ల వరసలు చూశాక ఇంకా బాగా అర్థమైంది. చెట్ల మొదళ్ల మధ్య రాళ్లలో తొలిచిన చిన్న కాలువలు, ఒక్కో చెట్టుకీ నీళ్లు అందేలా.

పదిన్నరకి సాన్ బసీలియో వీధుల్లో పడ్డాం. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి తప్పుకోవాల్సినంత ఇరుకు. గోడలన్నీ తెల్ల సున్నం. వీధి ఎంత ఇరుకైతే నీడ అంత ఎక్కువసేపు నిలుస్తుంది. ఒక ఇంటి తలుపు తెరిచి ఉంటే తొంగి చూశాం. నడుమ ఆకాశం కనిపించే లోగిలి, ఒక బావి, గోడల నిండా నీలం కుండీల్లో జెరేనియం పూలు. ఒక పెద్దావిడ పొడవాటి రెల్లు కర్ర చివర రేకు డబ్బా కట్టి, పై కుండీలకి నీళ్లు పోస్తున్నారు. మమ్మల్ని చూసి లోపలికి రమ్మని సైగ చేశారు. అత్తయ్యా ఆవిడా చెరో భాషలో మాట్లాడుకున్నారు, ఇద్దరికీ అర్థమైనట్టే ఉంది. ఆవిడ కర్ర ఇస్తే అత్తయ్య రెండు కుండీలు తడిపారు.

బయటికి వచ్చాక మా నరసరావుపేట మండువా ఇల్లు తలుచుకున్నారు. వానొస్తే మండువాలో నీళ్లు, తూము దగ్గర పిల్లల కాగితం పడవలు, వేసవిలో సాయంత్రం నీళ్లు చల్లితే వచ్చే ఆవిరి. అది పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టించినప్పుడు నేనూ వద్దనలేదు. ఇవాళ ఆ సంగతి గుండెలో ముల్లులా గుచ్చుకుంది.

మధ్యాహ్నం 42 డిగ్రీలు. కొట్లన్నీ మూసేశారు, వీధిలో పిట్ట లేదు. హోటల్లో సాల్మోరేఖో తిన్నాం. పచ్చి టమాటా, పాత రొట్టె, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి మెత్తగా రుబ్బిన చల్లటి ముద్ద. పైన పంది మాంసం, గుడ్డు వేస్తారు, ముందే వద్దని చెప్పాలి. అత్తయ్యకి నచ్చింది వేయించిన వంకాయ ముక్కలు. వాటి మీద పోసింది తేనె అని రాసి ఉంది, రుచి చూస్తే చెరకు పాకం! "వంకాయకి బెల్లం పెట్టే వాళ్లు ఇక్కడా ఉన్నారన్నమాట" అని ఇంకో ప్లేటు చెప్పించారు.

తర్వాత నారింజ చెట్ల లోగిలికే మళ్లీ వెళ్లి, చుట్టూ ఉన్న వసారాలో అయిదింటిదాకా కూర్చున్నాం. పాప అక్కడే నిద్రపోయింది.

బండికి చేరేసరికి లోపల 39. అద్దాలకి వెండి రంగు తెరలు కట్టినా, కప్పు మీద ఫ్యాను తిరుగుతున్నా అంతే. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ వెనక జాలీ ఎండవైపు ఉంది. ఆ వేడి బయటికి పోక లోపల చల్లబడటం మానేసింది, పెరుగు పులిసిపోయింది. పార్కింగ్ కాబట్టి బండి పక్కన నీడకి వేసే తెర దించకూడదు, కుర్చీలు బయట వెయ్యకూడదు. ఈయన బండిని వెనక్కి తిప్పి, జాలీ నీడలోకి వచ్చేలా పెట్టారు. పులిసిన పెరుగుతో మజ్జిగ చేసి అల్లం, కరివేపాకు వేసి తలా ఒక గ్లాసు తాగాం.

రాత్రి పదిన్నరకి మళ్లీ వంతెన మీదకి. ఊరంతా అప్పుడే లేచినట్టుంది, పిల్లలు, ముసలివాళ్లు, ఐస్‌క్రీములు. పిట్టగోడ రాయి ఇంకా కాలుతోంది. మడిచిన తువ్వాలు పరిచి అత్తయ్యని కూర్చోబెట్టాం.

"ఆ స్తంభాల దగ్గరికి రేపు మళ్లీ వెళ్దామా?" అని అడిగారు.

"రేపు ఆదివారం అత్తయ్యా, పొద్దున పూజలుంటాయి. ఎల్లుండి వెళ్దాం" అన్నాను. రేపు పొద్దున గ్రనడా వెళ్లాలని ఈయన దారి చూస్తున్నారు. ఆ మాట విని ఫోను జేబులో పెట్టేశారు.

సోమవారం ఎనిమిదింటికల్లా గుమ్మం దగ్గర ఉండాలి. రేపు ముందు పెరుగు కొనాలి.