కాటుకరాజును ఎవరికి అమ్మానంటే

కాటుకరాజును అమ్మేశాను. బేరం కుదిరిందని చెప్పగానే మా ఆడపడుచు ఫోన్లోనే విరుచుకుపడింది. "ప్రైజు కొట్టిన పొట్టేల్ని అమ్ముకుంటావా వదినా? ఇంటికొచ్చిన లక్ష్మిని ఎవరైనా తోలేస్తారా?" అంది. సంక్రాంతికి సత్యవేడు వైపు ఒక పల్లెలో పెట్టిన పశు ప్రదర్శనలో జోడిపి అనే రకం నెల్లూరు పొట్టేళ్ళలో మొదటి బహుమతి వాడిదే. ఆ రోజు ఇచ్చిన స్టీలు బిందెలోనే చెన్నై మాధవరంలో మా ఇంట్లో ఇప్పుడు మంచినీళ్ళు పట్టుకుంటున్నాం. విత్తనపు పొట్టేల్ని, అంటే మందను చూలు కట్టించేదాన్ని, బాగున్నప్పుడే అమ్మాలి, అదీ మనిషిని చూసి కాదు, అతని మందను చూసి అమ్మాలి. ఇది ఆవిడకు ఫోన్లో వివరించడం నా వల్ల కాలేదు. ఇక్కడ రాస్తున్నాను, చదువుకుంటుంది.

నేను మాధవరంలో ఒక లారీ ఆఫీసులో లెక్కలు రాస్తాను. గొర్రెలు మా మామగారివి. ఆయన పోయాక అందరూ అమ్మేయమన్నారు, నేనే వద్దన్నాను. శనివారం ఆఫీసు అవగానే పెరియపాళయం మీదుగా వెళ్ళే ఊతుకోట బస్సెక్కేస్తాను. మిగతా రోజుల్లో మందను చూసుకునేది తాత. మామగారి కాలం నుంచీ ఉన్న కాపరి. ఆయనకు గొర్రెలు తెలుసు, నాకు పుస్తకం రాయడం తెలుసు. మా వ్యాపారమంతా ఈ రెండిటి మీదే నడుస్తోంది.

నెల్లూరు గొర్రెను ఎరగనివాళ్ళు దూరం నుంచి చూసి మేక అనుకుంటారు. పొడుగు కాళ్ళు, పొడుగు ముఖం, వేలాడే చెవులు. ఒంటి మీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. మన దేశపు గొర్రెల్లో అన్నిటికన్నా ఎత్తయిన జాతి ఇది. చాలావాటికి మెడ కింద రెండు మెడచన్నులు వేలాడుతుంటాయి. సామెతలో చెప్పినట్టే అవి ఎందుకూ కొరగావు, అయినా బేరగాళ్ళు వాటిని కూడా తడిమి చూసి రేటు చెప్తారు. రంగును బట్టి ఇందులో మూడు రకాలు. ఒళ్ళంతా తెల్లగా, లేదా తెలుపు మీద లేత గోధుమ మచ్చలతో ఉంటే పల్లా. నిండా గోధుమ రంగయితే దొర. తెల్లటి ఒంటికి కళ్ళ చుట్టూ, పెదవుల మీద, కింది దవడ మీద నల్ల మచ్చలుంటే జోడిపి. చెన్నై చుట్టుపక్కల కనిపించే ఎర్ర గొర్రె, అదే మద్రాస్ రెడ్, వేరే జాతి. దాని మీద కాట్టుపాక్కం పరిశోధన కేంద్రం వాళ్ళు పనిచేస్తున్నారు, మన జోడిపి మీద పలమనేరు వాళ్ళు. దొరనూ మద్రాస్ రెడ్‌నూ ఒకే గాటన కట్టేవాళ్ళతో తాత అసలు మాట్లాడడు.

మాంసానికి రంగుతో పనిలేదు. చెన్నైలో పులియంతోపు ఆటుతొట్టికి, అంటే కబేళాకు, తోలితే జోడిపి అయినా దొర అయినా కాటా మీద ఒకటే. విత్తనానికి వచ్చేసరికి మాత్రం కంటి చుట్టూ మచ్చ గుండ్రంగా ఉంటే ఒక ధర, తెగిపోతే ఒక ధర. "మచ్చలు కూడు పెడతాయా అమ్మా?" అని తాత మొదట్లో ఎగతాళి చేసేవాడు. పెడతాయని ఇప్పుడు ఆయనే ఒప్పుకుంటాడు.

కాటుకరాజు పుట్టిన ఈతలోనే మా మందలో మరో రెండు మంచి పోతుపిల్లలు ఉన్నాయి. ముఖం ఒక్కటే చూస్తే వాటిలో ఒకటి వీడికన్నా బాగుండేది. రెండు కళ్ళకూ అచ్చుగుద్దినట్టు సమానమైన వలయాలు, మూతి అంతా నిగనిగలాడే నలుపు. దాన్ని ఆటుతొట్టికి పంపేశాను. దాని కింది పళ్ళు ముందుకు పొడుచుకొచ్చి ఉండేవి. గొర్రెకు పైదవడ ముందు భాగంలో పళ్ళుండవు, గట్టి చిగురే ఉంటుంది. కింది పళ్ళు వచ్చి ఆ చిగురుకు సరిగ్గా ఆనాలి. లేకపోతే గడ్డి కొరకలేదు, ఆ వంకర పిల్లలకూ దిగుతుంది. ముఖంలో రంగు చూసి మురిసిపోతూ అదే ముఖంలో నోరు తెరిచి చూడనివాళ్ళు ఎంతమందో.

పొట్టేల్ని చూడాలంటే నేను తల దగ్గర మొదలుపెట్టను. నడిపించి వెనక నుంచి చూస్తాను. వెనక కాళ్ళు నిటారుగా పడాలి, మోకీళ్ళు ఒకదానికొకటి రాసుకోకూడదు. దాటేటప్పుడు, అంటే గొర్రె మీదకు ఎక్కేటప్పుడు, బరువంతా ఆ కాళ్ళ మీదే పడుతుంది మరి. తర్వాత తాత కొమ్ములు పట్టుకుంటే నేను వెనక కూర్చుని బీజాలు తడుముతాను. రెండూ ఒకే సైజులో, గట్టిగా, సంచిలో అటూ ఇటూ జారేలా ఉండాలి. కింది కొసన చిన్న ఉండలాంటిది తగులుతుంది, అది ఉండాల్సిందే. దానికి పైన ఎక్కడైనా గడ్డ తగిలితే మాత్రం వదిలేయాలి. టైలరు టేపుతో వెడల్పయిన చోట చుట్టుకొలత తీస్తాను. కాటుకరాజుకు 33 సెంటీమీటర్లు వచ్చింది. నేను లంగా జాకెట్లకు వాడే టేపే అది, ఇప్పుడు దానికి వేరే సంచి పెట్టాను.

కొమ్ములు కూడా చూడాలి. లోపలికి తిరిగి చెంపకు తగిలేవి ముందు ముందు గుచ్చుకుంటాయి.

ఒళ్ళు బాగుందంటే ఆ పొట్టేలు బాగుందని అర్థం, అంతే. దాని పిల్లలు ఎలా పుడతాయో ఒంటిని చూస్తే తెలియదు. రంగు విషయంలో ఈ ముక్క మరీ నిజం. మందలో అప్పుడప్పుడు నల్లగా రావాల్సిన మచ్చ కాఫీపొడి రంగులో వచ్చిన పిల్ల పుడుతుంది. తల్లికీ తండ్రికీ మచ్చలు నల్లవే. తాత దాన్ని అమావాస్య మీదకు నెట్టేసేవాడు. నాకేమో పుస్తకంలో లెక్క తేలకపోతే నిద్ర పట్టదు. ఎందుకో వెతికాను. స్కాట్లాండ్ దగ్గరి దీవుల్లో సోయే అని ఒక జాతి గొర్రెలున్నాయి. వాటిలో లేత రంగు పైకి కనపడాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు వాటాలూ అందాలి. ఒక్క వాటాయే అందితే అది లోపల దాక్కుని ఉంటుంది. తెల్లటి మెరినో మందల్లో ఉన్నట్టుండి నల్లపిల్ల పుట్టడం కూడా ఇలాంటిదే. మా మందలో లెక్కా అచ్చం ఇలాగే నడిచింది.

అందుకని కాటుకరాజుకు పరీక్ష పెట్టాను. మందలో కాఫీపొడి మచ్చల గొర్రెలనే ఏరి వాటితో వాణ్ణి జత కట్టించాను. వాడి లోపల ఆ రంగు దాగి ఉంటే పుట్టే ప్రతి పిల్లకూ అది బయటపడే అవకాశం సగానికి సగం. ఒకటి రెండు పిల్లలు నల్ల మచ్చలతో పుడితే అదృష్టం అనుకోవచ్చు. వరసగా ఏడు పుడితే? ఒకటిని ఏడుసార్లు సగం చేస్తే 128లో ఒక వంతు, అదృష్టానికి మిగిలే అవకాశం అంతే. ఏడో పిల్ల కూడా నల్ల మచ్చలతో పడ్డాక నేను ధైర్యంగా నమ్మాను. ఆ పుస్తకంలో తల్లి నంబరు, ఈనిన తేదీ, కుడి కన్ను, ఎడమ కన్ను, పెదవి, పుట్టిన బరువు, మూడో నెల బరువు, అన్నిటికీ గడులున్నాయి. లారీల ట్రిప్పు షీటును చూసి గీసుకున్నవే.

ఈ రంగుల పిచ్చి మనకొక్కళ్ళకే కాదు. ఖాళీ దొరికినప్పుడు నేను అల్పాకాల అమ్మకాల గురించి చదువుతుంటాను. పెరూ, బొలీవియా కొండల జంతువది, ఉన్ని కోసం ఆస్ట్రేలియా, అమెరికాల్లో కూడా పెంచుతున్నారు. తెల్ల ఉన్నికి ఏ రంగైనా అద్దుకోవచ్చని మిల్లులవాళ్ళకు తెలుపే ఇష్టం. దాంతో తరతరాలుగా మేలైనవన్నీ తెలుపులోనే పోగుపడ్డాయి. ఇప్పుడు నల్లవాటిలో సన్నని ఉన్ని ఉన్న మగది దొరికితే రంగుల పెంపకందార్లు ఎగబడతారు. వెంట్రుక మందాన్ని మైక్రాన్లలో కొలిపించి, ఆ కాగితం పక్కన పెట్టి, పుట్టిన పిల్లల రంగులు వరసగా రాసి అమ్ముతారు. అక్కడా తిరకాసులున్నాయి. బూడిద రంగుదాన్ని తెల్లదానితో కడితే ఒక్కోసారి నీలి కళ్ళ తెల్లపిల్ల పుడుతుంది, చాలావాటికి చెవుడు. పైగా పదకొండున్నర నెలలు మోసి ఒక్క పిల్లను ఈనుతుంది. నా ఏడు పిల్లల పరీక్ష అక్కడ పెట్టాలంటే ఎంత ఓపిక కావాలో! మన గొర్రె ఐదు నెలలకే ఈనేస్తుంది. మన ప్రకటనల్లో మాత్రం కాగితమూ ఉండదు, లెక్కా ఉండదు. వెనక సినిమా పాట, పొట్టేలు మెడలో పూలదండ, కింద ఫోన్ నంబరు.

ఇంత మంచివాణ్ణి ఎందుకమ్మాలి అంటే, వాడి కూతుళ్ళు ఎదకొస్తున్నాయి. మందలో పాతిక ముప్ఫై గొర్రెలకు ఒక్క పొట్టేలు చాలు. అదే పొట్టేలును రెండేళ్ళు దాటి ఉంచుకుంటే తన కూతుళ్ళనే దాటుతుంది. ఊళ్ళల్లో చాలామంది పట్టించుకోరు. పిల్లల బరువు తగ్గుతుంది, చావులు పెరుగుతాయి, గొర్రెలు తిరగగడతాయి, అంటే చూలు నిలవక మళ్ళీ ఎదకొస్తాయి, అప్పుడు మేత బాగాలేదంటారు. వాడికి ఇప్పుడు ఆరు పళ్ళు (గొర్రె వయసును పళ్ళ లెక్కలోనే చెప్తాం), ఇంకా కొన్నేళ్ళు పనిచేస్తాడు. అలాంటప్పుడు అమ్మితేనే కొన్నవాడికీ న్యాయం.

అమ్మకం వేసవిలో పెట్టుకోలేదు. కత్తిరి ఎండలకు పొట్టేలు వీర్యం దెబ్బతింటుంది. కొత్తది తయారవడానికి ఏడు వారాలు పడుతుంది కాబట్టి ఎండ తగ్గాక కూడా కొన్నాళ్ళు గొర్రెలు చూలు నిలవవు. కొన్నవాడు పొట్టేలుది తప్పంటాడు. ఆగస్టు నడుమ ముగిసే తమిళ ఆడి నెల చివరిదాకా ఆగి, పశువైద్యుడితో రక్తం తీయించి బ్రూసెల్లా లేదని తేలాక అప్పుడు నలుగురికీ చెప్పాను. ఆ జబ్బు ఉంటే గొర్రెలు ఈచుకుపోతాయి, అంటే చూలు పోతుంది, మనుషులకూ అంటుతుంది. అయినా కాగితం చూపించమని అడిగేవాళ్ళే తక్కువ.

ఫోన్లు మాత్రం వచ్చాయి. బక్రీదుకు ముందే అడిగిపెట్టుకుంటానన్నాడు ఒకాయన. "అక్కా, ముట్టు కిడావా?" అని, అంటే పోట్లాడే పొట్టేలేనా అని, తమిళంలో అడిగాడు ఇంకో కుర్రాడు. పొట్టేళ్ళ పందేలకు ఇవ్వనన్నాను. జంతువుల్ని పోట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి చట్టం ప్రకారం నేరమని కూడా చెప్పాను. "సరే అక్కా, ఊరికే పెంచుకుంటాలే" అన్నాడు! పెట్టేశాను.

ధర ఎలా కట్టానో చెప్తాను. వాడు 76 కిలోలు తూగాడు. కిలో 450 లెక్కన మాంసానికే 34 వేలు దాటుతుంది. అది నేల. దాని మీద పుస్తకానికీ, పరీక్షకూ, కొంచెం ఆ స్టీలు బిందెకూ కలిపి 80 వేలు చెప్పాను.

బెంగళూరు నుంచి ఒకాయన 95 ఇస్తానన్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హోస్కోట దగ్గర ఫారం, మనిషి మర్యాదస్తుడే. చిక్కేమిటంటే పోయినేడాది మా దగ్గర ఆడపిల్లల్ని కొన్నది ఆయనే. అవన్నీ కాటుకరాజు కూతుళ్ళు. ఆ మాటే చెప్తే, "అయితే మచ్చ ఇంకా చిక్కగా వస్తుంది కదండీ" అన్నాడు. వస్తుంది, కాదనను. తండ్రీకూతుళ్ళను కడితే మచ్చ చిక్కబడుతుంది, దాంతో పాటు లోపల దాగిన ప్రతి లోపమూ చిక్కబడుతుంది. రెండు మూడు ఈతల తర్వాత పిల్లలు ముడుచుకుపోతే ఆయన ఎవరి పేరు చెప్తాడు? "మీకు ఇంకో చోట పొట్టేల్ని చూసిపెడతాను సార్, ఇది మాత్రం ఇవ్వను" అన్నాను. ఆయనకు కోపమొచ్చింది. 95 వేలు విన్న మా ఆయనకు కూడా వచ్చింది. "మన పొట్టేలు మనం అమ్ముకోవడానికి వాళ్ళ చుట్టరికాలన్నీ నీకెందుకే?" అన్నాడు. రెండు రోజులు ఇంట్లో టెన్షనే.

కొన్నది నాగలాపురం వైపు రైతు. తెల్లారేసరికే మంద దగ్గరికి వచ్చేశాడు. ముఖం వంక చూడనైనా చూడకుండా వెళ్ళి వెనక కూర్చున్నాడు. అది చూసి తాత నా వైపు తిరిగి కళ్ళతోనే నవ్వాడు. ఆయన మందలో చాలావరకు పల్లా, మచ్చలు లేత గోధుమ రంగు. జోడిపి వైపు తిప్పుకోవాలని ఆశ. మొదటి ఈతకే అన్నీ జోడిపి పుట్టవని, కలగాపులగంగా వస్తాయని, ఆడపిల్లల్ని ఉంచుకుని రెండో తరంలో ఏరుకోవాలని ముందే చెప్పాను. "నాకు తొందర లేదమ్మా, మా వాడు కూడా గొర్రెల్లోనే ఉంటానన్నాడు" అన్నాడు. పుస్తకం చూపిస్తే ఒక్కో పేజీ తిప్పి, ఏడు పిల్లల దగ్గర ఆగి, మూడో నెల బరువులు చదివించుకున్నాడు. 70కి కుదిరింది. పశువైద్యుడి ధ్రువపత్రం రాయించి, ఆటోలో కింద గడ్డి పరిచి ఎక్కించాం. చిటుక రోగానికీ పారుడు రోగానికీ టీకాలు ఎప్పుడు వేయించానో రాసిన కాగితం కూడా చేతిలో పెట్టాను. కొత్తచోట మొదటి మూడు వారాలు మందలో కలపొద్దని, కాళ్ళు చూస్తుండమని చెప్పాను. మొదటి ఈత పిల్లల రంగులు నాకు రాసి పంపుతానని మాటిచ్చాడు. నాకు కావలసినదీ అదే, పుస్తకంలో ఆయన పేరుతో ఒక పేజీ కూడా గీసేశాను.

ఇప్పుడు నా మందకు పొట్టేలు కావాలి. జోడిపి, రెండు పళ్ళు లేదా నాలుగు పళ్ళు, మా రక్తం కలవనిది. పలమనేరు, వెంకటగిరి, కావలి, ఏ వైపైనా ఫరవాలేదు, వచ్చి చూసుకుంటాను. తల్లిదండ్రులవి, తోడబుట్టినవాటివి ఫోటోలు పంపండి, నోరు తెరిచి పళ్ళు కనపడేలా ఒకటి. పాటలు పెట్టిన వీడియోలు వద్దు.