అంతరతామర వేశాక సగం నీళ్లు కనబడాలి

పెరట్లో చేపల తొట్టి కట్టుకున్నవాళ్లకు మొదటి వేసవిలోనే వచ్చే బెడద, నీళ్లు పచ్చబడిపోవడం. చేపల విసర్జన, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియాగా, తర్వాత నైట్రేటుగా మారతాయి. దానికి ఎండ తోడైతే నాచుకు పండగే. తేలే మొక్కలు ఆ రెండూ నాచుకు దక్కనివ్వవు. ఆకులు ఎండను ఆపుతాయి, వేళ్లు ఎరువును లాగేస్తాయి.

ఏ మొక్క అంటే, నా ఓటు అంతరతామరకే (నర్సరీల్లో వాటర్ లెట్యూస్ అంటారు). గుర్రపుడెక్క ఇంకా బలంగా పీలుస్తుంది గానీ, వేసవిలో రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది, చిన్న తొట్టిలో పట్టలేం. నీళ్ల మీద తేలే చిన్న ఫెర్న్ మొక్క అజొల్లాని గోల్డ్‌ఫిష్ ఇష్టంగా తింటాయి. కానీ దాని ఆకుల్లో కాపురముండే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టి, నీళ్లలో నైట్రేటు తగ్గించడానికి దాన్ని నమ్ముకోలేం.

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు తొట్టి అనుకోండి. దాదాపు 1,350 లీటర్లు పడతాయి. పైన 24 చదరపు అడుగుల నీళ్లు కనబడతాయి. అందులో సగం ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ఎనిమిదిన్నర అడుగుల చొప్పున రెండు హోస్‌పైపు ముక్కలు కోసి, కొసలు జాయింటర్‌తో బిగించి రింగులు చేయండి. రెండూ కలిపి పదకొండున్నర చదరపు అడుగులు. మొక్కలు వీటి లోపలే పెరగాలి. అతుకు దగ్గర నీళ్లు దూరితే పైపు మునుగుతుంది, మొక్కలు చెదిరిపోతాయి. అందుకే అక్కడ సీలెంట్ తప్పనిసరి. ఒక్కో రింగులో నాలుగైదు మొక్కలతో మొదలుపెడితే చాలు.

సగం ఎందుకంటే, తేలే మొక్క పగలు వదిలే ఆక్సిజన్ చాలావరకు గాలిలోకే పోతుంది, చేపలకు అందదు. పైగా ఆకులు అడ్డుపడి గాలి నీళ్లలో కలవనివ్వవు. తొట్టి మొత్తం కమ్మేస్తే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. అప్పుడు వెంటనే సగం మొక్కలు తీసేయాలి, ఎయిర్ పంపు వేయాలి. మందులేవీ అక్కర్లేదు.

కొత్త మొక్కలు నేరుగా తొట్టిలో వేయొద్దు. లేత గులాబీ రంగు వచ్చేలా పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లలో పది నిమిషాలుంచి, కడిగి, రెండు వారాలు వేరే టబ్బులో పెట్టండి. నత్తగుడ్లు ఆ మందుకు అన్నీ చావవు. ఆకు అడుగున జిగురు ముద్దలా అంటుకుని ఉంటాయి, వేలితో గీకి తీయాల్సిందే.

ఫౌంటెన్ నీళ్లు ఆకుల మీద పడకూడదు. ఆకు నిండా మఖమల్‌లాంటి సన్నటి నూగు ఉంటుంది. ఒక్క చుక్క వేసి చూడండి, పాదరసంలా జారిపోతుంది. అదే రోజంతా తడుస్తుంటే మొవ్వు కుళ్లుతుంది. ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో లేత ఆకులు పసుపెక్కితే ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న బోరు నీళ్లలో ఇది మామూలే. యూరియా మాత్రం వేయొద్దు, చేపలు పోతాయి.

దోమల సంగతి చాలామందికి తెలియదు. దోమ పిల్లల్ని తినే గప్పీ చేపలున్నాయి, దోమలుండవనుకుంటారు. మాన్సోనియా జాతి దోమ పిల్లలు పైకి రానే రావు. అంతరతామర, గుర్రపుడెక్క వేళ్లకు గొట్టం గుచ్చి అక్కడి గాలే పీల్చుకుంటాయి. కొన్ని ప్రాంతాల్లో బోదకాలు వ్యాధిని మోసేది ఈ దోమే. వారానికోసారి నాలుగైదు మొక్కలెత్తి తెల్లటి బేసిన్‌లో నీళ్లు పోసి వేళ్లు గట్టిగా జాడించండి. సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ కనిపిస్తే, మిగతా మొక్కలన్నీ అలాగే జాడించాలి. ఆ నీళ్లు ఎండిన నేల మీద పారబోయండి.

ఇంతా చేసి పెరిగిన మొక్కల్ని తీయకపోతే లాభం లేదు. వేళ్లు పీల్చిన నత్రజని ఆకుల్లోనే ఉంటుంది, ఆకు తొట్టిలో కుళ్లిందా, తిరిగి నీళ్లలోకే చేరుతుంది. వేసవిలో వారానికోసారి, చలికాలంలో రెండు మూడు వారాలకోసారి రింగులో మూడోవంతు తీయండి. ముసలి పెద్ద మొక్కలు తీసి పిల్లల్ని ఉంచండి, పీల్చేది అవే ఎక్కువ. తీసినవి రెండ్రోజులు ఆరబెట్టి, ఎండుటాకులతో కలిపి కంపోస్టు గుంతలో వేయండి. కాలువలోకి, చెరువులోకి మాత్రం ఒక్క మొక్క కూడా పోకూడదు. కొల్లేటిలో గుర్రపుడెక్క ఎలా కమ్ముకుందో చూసినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు.