నా అనుభవం: ఏజెన్సీల ద్వారా విదేశంలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం

విదేశంలో ఇంగ్లీషు బోధించే ఉద్యోగం కోసం ఏజెన్సీలను సంప్రదించడం మొదలుపెట్టినప్పుడు ప్రతి ఏజెంటునూ నేను ముందుగా ఒకటే అడిగేదాన్ని: మీకు డబ్బు ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు? కొందరు తడుముకోకుండా చెప్పారు. కొందరు మాట దాటవేశారు. ఒకరు మాత్రం అది మీకు అనవసరమన్నట్టు నొచ్చుకున్నారు. దాటవేసిన వారితో, నొచ్చుకున్న వారితో నేను ముందుకు వెళ్లలేదు. ఆ తరువాత కాంట్రాక్టులో, వీసాలో, జీతంలో ఎదురయ్యే చిక్కుల్లో చాలావరకు ఆ ఒక్క సమాధానంతోనే ముడిపడి ఉంటాయి.

ఈ రంగంలో ఏజెన్సీలు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకం ఏజెన్సీ టీచరును బడికి పరిచయం చేసి, ఆ టీచరు చేరాక బడి నుంచి ఒకసారి కమిషన్ తీసుకుని పక్కకు తప్పుకుంటుంది. దక్షిణ కొరియాలో హగ్వాన్లనే ప్రైవేటు శిక్షణ కేంద్రాలకు టీచర్లను పంపేవారు ఎక్కువగా ఈ కోవలోకే వస్తారు. రెండో రకంలో ఏజెన్సీయే యజమాని. బడి నెలనెలా ఏజెన్సీకి చెల్లిస్తుంది, ఏజెన్సీ తన వాటా ఉంచుకుని మిగిలినది మనకు జీతంగా ఇస్తుంది. థాయిలాండ్‌లో చాలా ప్రభుత్వ పాఠశాలలకు టీచర్లు ఇలాగే వస్తారు. జపాన్‌లో సహాయ ఉపాధ్యాయులను సమకూర్చే కంపెనీలదీ దాదాపు ఇదే పద్ధతి. అక్కడ కంపెనీకి, విద్యామండలికి మధ్య ఉన్నది కేవలం పనిని అప్పగించే ఒప్పందమైతే, బడిలోని జపనీస్ టీచరు మనకు నేరుగా ఆదేశాలు ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. పక్కపక్కనే నిలబడి ఒకే పాఠం చెప్పే ఇద్దరి మధ్య మాట కూడా కంపెనీ ద్వారా తిరిగి రావలసి ఉంటుంది. కాగితం మీద ఇది ఎంత సబబుగా ఉన్నా, తరగతి గదిలో ఎలా కుదురుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రెండు రకాల్లోనూ డబ్బు ఇచ్చేది బడే కాబట్టి ఏజెన్సీకి అసలు ఖాతాదారు బడి, మనం కాదు. ఏజెంటు పెళ్లిళ్ల పేరయ్య లాంటివాడు; అబద్ధమాడకపోవచ్చు గానీ, సంబంధం కుదరడమే అతనికి కావాలి. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే ఏజెంటు మీద కోపం రాదు, అతని మాట మీద అతిగా నమ్మకమూ కలగదు. అతను నిజంగా ఉపయోగపడే పనులున్నాయి: ఏ బడిలో ఎప్పుడు ఖాళీ వస్తుందో అతనికి తెలుసు, పత్రాల క్రమం తెలుసు, అక్కడి భాషలో ఫోను చేసి కనుక్కోగలడు. బడి ఎలాంటిదో తేల్చుకునే పని మాత్రం మనదే.

అభ్యర్థి నుంచి రుసుము అడిగే ఏజెన్సీల విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒప్పందం, ప్రైవేటు ఉపాధి ఏజెన్సీలు కార్మికుల నుంచి నేరుగా గానీ పరోక్షంగా గానీ రుసుము వసూలు చేయరాదని ఏడో అధికరణంలో చెబుతుంది. దానికి మినహాయింపులున్నాయి, అన్ని దేశాలూ దాన్ని ఆమోదించనూ లేదు. అయినా కొలబద్దగా అది చాలు. నాకు ఎదురైన రుసుములు చాలావరకు వేరే వేషంలో వచ్చాయి: మా కోర్సు కొనండి, ఉద్యోగం గ్యారంటీ అని. ఇంగ్లీషు బోధనలో నూట ఇరవై గంటల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌కు, కేంబ్రిడ్జి వారి సెల్టా అనే టీచరు శిక్షణ సర్టిఫికెట్‌కు గంటల లెక్క ఒకటిగానే కనిపిస్తుంది గానీ, సెల్టాలో పరిశీలకుడి ఎదుట నిజమైన విద్యార్థులకు కనీసం ఆరు గంటలు పాఠం చెప్పాలి. ఆన్‌లైన్ కోర్సుల్లో చాలావాటికి ఆ ఊసే ఉండదు. వీసాకు అడిగే కాగితం వరకైతే ఆన్‌లైన్ కోర్సు చాలా చోట్ల సరిపోతుంది. ఆ కాగితాన్ని ఉద్యోగంతో కలిపి అమ్మేవాడి దగ్గర కొనడమే నాకు నచ్చలేదు.

తరువాతి జల్లెడ పాస్‌పోర్టు. దక్షిణ కొరియా విదేశీ భాషా బోధకులకిచ్చే ఈ-2 వీసాను ఇంగ్లీషు టీచర్ల విషయంలో సాధారణంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా అనే ఏడు దేశాల పౌరులకే ఇస్తుంది; ప్రత్యేక వాణిజ్య ఒప్పందాలున్న దేశాలవారికి ఉండే వెసులుబాటు వేరు. చైనా కూడా భాషా బోధకులు సాధారణంగా ఆ భాష మాతృభాషగా ఉన్న దేశం నుంచే రావాలంటుంది. నా పాస్‌పోర్టు ఆ జాబితాల్లో లేదు. మంచి ఏజెన్సీ ఈ మాట మొదటి మెయిల్‌లోనే చెప్పేస్తుంది. తక్కిన ఏజెన్సీలు బయోడేటా, ఫొటో, వీడియో పరిచయం అన్నీ తీసుకుని, వారాల తరబడి ఆశపెట్టి, చివరికి మౌనం వహిస్తాయి. అందుకే నేను బయోడేటా కంటే ముందు ఒక చిన్న మెయిలు పంపేదాన్ని: ఇదీ నా పౌరసత్వం, ఇదీ నా డిగ్రీ, ఈ దేశంలో నాకు చట్టబద్ధంగా ఏ వీసా వస్తుంది? నేటివ్ స్పీకర్లే కావాలనే ప్రకటనల మీద నాకు వేరే అభిప్రాయాలున్నాయి గానీ, వీసా అధికారి దగ్గర అవి చెల్లవు.

ఒక ఏజెన్సీ మాత్రం ఉత్సాహంగా జవాబిచ్చింది: ముందు టూరిస్టు వీసా మీద వచ్చేయండి, వచ్చాక మార్పిస్తాం అని. అది చైనాలో ఉద్యోగం. అక్కడ పని చేయడానికి జెడ్ వీసా కావాలి, దాన్ని దేశంలో అడుగుపెట్టకముందే తీసుకోవాలి, వెళ్లాక 30 రోజుల లోపు నివాస అనుమతికి దరఖాస్తు చేసుకోవాలి. తనిఖీలో పట్టుబడితే నిర్బంధమూ దేశ బహిష్కరణా టీచరుకే గానీ ఏజెంటుకు కాదు. ఆ మెయిలుకు నేను జవాబివ్వలేదు.

పత్రాల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. డిగ్రీ పట్టా, మార్కుల జాబితాలు, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, వైద్య పరీక్ష దాదాపు అన్ని దేశాలూ అడుగుతాయి. పోలీస్ సర్టిఫికెట్‌కు గడువు ఉంటుంది కనుక దాన్ని మరీ ముందుగా తీసుకోకూడదు. గమ్యదేశం అపోస్టిల్ ఒప్పందంలో, అంటే ఒక దేశం వేసిన ధ్రువీకరణ ముద్రను మరో దేశం నేరుగా అంగీకరించే ఒప్పందంలో, ఉంటే పని సులువు. లేకపోతే ఆ దేశపు రాయబార కార్యాలయం ధ్రువీకరణ కూడా కావాలి. చైనా విషయంలో ఈ రెండో దశ 2023 నవంబరు 7 నుంచి చాలా దేశాల పత్రాలకు తప్పింది గానీ, మన పత్రాలకు అది వర్తిస్తుందో లేదో రాయబార కార్యాలయంలోనే కనుక్కోవాలి. అసలు పట్టాను ఏ ఏజెన్సీకీ పంపవద్దని నా గట్టి సలహా. పరిశీలనకు స్కాన్ కాపీ చాలు.

నాకు చివరికి కుదిరింది థాయిలాండ్‌లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల, రెండో రకం ఏజెన్సీ ద్వారా. మాతృభాష ఇంగ్లీషు కాని అభ్యర్థిగా నన్ను టోయిక్ అనే ఇంగ్లీషు సామర్థ్య పరీక్షలో కనీసం 600 మార్కులు చూపమన్నారు, చూపించాను. వీడియో ఇంటర్వ్యూలో బడి తరఫున ఇంగ్లీషు విభాగాధిపతి మాట్లాడారు, ఏజెన్సీ మనిషి మైకు ఆపుకుని వింటూ కూర్చున్నారు. పది నిమిషాల డెమో పాఠం అయ్యాక, అక్కడ ఇప్పుడు పని చేస్తున్న విదేశీ టీచరుతో ఒకసారి మాట్లాడవచ్చా అని అడిగాను. ఏజెన్సీ మనిషి మైకు తెరిచి అది తరువాత చూద్దాం అనబోయారు. విభాగాధిపతి మాత్రం ఆమె పక్క గదిలోనే ఉందంటూ వెళ్లి పిలుచుకొచ్చారు. ఆ టీచరు మొదట చెప్పిన విషయం ఏ ప్రకటనలోనూ లేదు: తరగతికి నలభై మందికి పైగా ఉంటారు, కిటికీలన్నీ తెరిచే ఉంటాయి, నడుముకు కట్టుకునే చిన్న మైకు స్పీకరు తెచ్చుకోకపోతే నెల తిరిగేలోగా గొంతు పోతుంది. జీతం తేదీ తప్పుతుందా అన్న ప్రశ్నకు, బడి కాదు, ఏజెన్సీ ఒకటి రెండుసార్లు ఆలస్యం చేసిందని నిర్మొహమాటంగా చెప్పింది.

ఆ మాటతో కాంట్రాక్టును మళ్లీ మొదటి నుంచి చదివాను. జీతం తేదీ దగ్గర "సాధారణంగా" అన్న పదం ఉంది, దాన్ని తీయించాను. వారానికి 22 పీరియడ్లని ఒక చోట ఉండగా, కింద మరో చోట బడి అవసరాన్ని బట్టి మారవచ్చని ఉంది; పై పరిమితి ఒకటి రాయించి, దాటిన ప్రతి పీరియడ్‌కూ విడిగా చెల్లింపు అని చేర్పించాను. అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగింది కాలవ్యవధి మీద. అక్కడ విద్యా సంవత్సరం మే నెల మధ్యలో మొదలై మార్చిలో ముగుస్తుంది; ఏజెన్సీలు పది నెలల కాంట్రాక్టు ఇచ్చి వేసవి జీతం ఎగ్గొట్టడం మామూలు. అందులో జీతం ఒక్కటే నష్టం కాదు. ఉద్యోగం ఆధారంగా పొడిగించిన నివాస అనుమతి ఉద్యోగంతో పాటే ముగుస్తుంది కనుక, మార్చి చివర కాంట్రాక్టు ముగిస్తే దేశం విడిచి వెళ్లి మే నెలకు మళ్లీ కొత్త వీసాతో రావలసి ఉంటుంది. వేసవి నెలలకు పూర్తి జీతం ఇవ్వడానికి వారు ఒప్పుకోలేదు. ఆ నెలలకు మాత్రం సగం జీతంతో పన్నెండు నెలల కాంట్రాక్టుకు ఒప్పుకున్నారు. నాకది చాలా నయమనిపించింది.

వర్క్ పర్మిట్‌లో యజమాని పేరుగా ఎవరి పేరు ఉంటుందన్నది కూడా మెయిల్లో రాయించుకున్నాను. ఉద్యోగానికి వెళ్లేవారికిచ్చే నాన్-ఇమిగ్రెంట్ బి వీసా మొదట 90 రోజులకే ఇస్తారు; ఆ లోపు వర్క్ పర్మిట్ వస్తేనే ఏడాది పొడిగింపు. అక్కడి ఉపాధ్యాయ లైసెన్సు లేనివారి కోసం కురుసఫా అనే ఉపాధ్యాయ మండలి నుంచి బడి తాత్కాలిక అనుమతి కూడా తీసుకోవాలి. ఈ కాగితాలన్నీ ఏజెన్సీ చకచకా చేయించింది, ఆ విషయంలో వారికి వంక పెట్టలేను.

చేరేముందు తీయించాలని ప్రయత్నించి కుదరనిది ఒక షరతు: ఏజెన్సీ కాంట్రాక్టు ముగిశాక ఏడాదిపాటు అదే బడిలో నేరుగా చేరకూడదని. పూర్తిగా తీయడానికి వారు ససేమిరా అన్నారు. బడి ఏజెన్సీకి ఒక పరిహారం చెల్లిస్తే చేరవచ్చనే సవరణకు మాత్రం దిగివచ్చారు. మొదటి ఏడాది చివర బడి ఆ పరిహారం చెల్లించి నన్ను నేరుగా తీసుకుంది. పాత వర్క్ పర్మిట్ రద్దయిన రోజుకు, కొత్త కాగితాలు దాఖలయ్యే రోజుకు మధ్య ఖాళీ పడకుండా బడి కార్యాలయంలోని గుమాస్తా తేదీలు సరిచూసి పెట్టారు. జీతం పెరిగింది, వేసవిలోనూ పూర్తిగా వస్తోంది. ఏజెన్సీ వారు ఇప్పటికీ అప్పుడప్పుడు మెయిలు పంపుతుంటారు, మీ బడికి ఇంకొక టీచరు కావాలేమో కనుక్కోమని.